జవాబు చెప్పే వంతు

ఉదయగిరి,
19-8-1951

తమ్ముడు ఇన్నయ్యకు అక్క రెబెకమ్మ దీవెనలు. మరదలిని, వసంతకుమారిని అడిగానని చెప్పు.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనొక్కదాన్నే. వాన జాడ లేదు. కొండమీది కోటరాళ్ల సెగంతా మధ్యాహ్నానికి మా మిషను బడిలోకి దిగుతుంది. పిల్లలు పలకలతో విసురుకోవడమే గాని వాటిమీద రాసేది తక్కువ.

బాలశౌరి జాబు వచ్చింది. వాడు పెద్ద మఠంలో చేరి మూడు నెలలు కాలేదు, అప్పుడే నాకు అర్థంకాని మాటలు రాస్తున్నాడు. పూజ చేసే గురువు కావాలంటే ఏడేళ్లు చదవాలి, అది నువ్వు ముందే చెప్పావు. అందులో మొదటి మూడేళ్లు ఫిలాసఫీ అని మాత్రం చెప్పలేదు. ఉన్నదంటే ఏమిటి, లేనిదంటే ఏమిటి, మనకు తెలిసింది నిజంగా తెలిసినట్టు ఎట్లా తెలుసు, ఇవీ పాఠాలట. అదీ లాటిన్‌లో. ఒకటో తరగతి పిల్లలకు నేను బల్ల చూపించి బల్ల అని చెప్పిస్తాను. ఇరవయ్యేళ్లు వచ్చిన నా కొడుక్కి అక్కడ బల్ల చూపించి, ఇది బల్లేనని నీకెట్లా తెలుసని అడుగుతున్నారు. నా తరగతిలో ఎవడైనా అట్లా అడిగితే చెవి మెలిపెడతాను.

ఎదురింటి మదార్ సాహెబ్ నిన్న గరిటెలు చెక్కుతూ, "ఏందమ్మా, మీ పిల్లోడు ఇంకా స్వామి కాలేదా?" అని అడిగాడు. ఇంకా చదువుతున్నాడన్నాను. ఏం చదువు అన్నాడు. బల్ల సంగతి చెప్పాను. కాసేపు చేతిలో కర్ర వైపు చూసి, "పాపం" అన్నాడు. ఎవరిని అన్నాడో తెలియదు.

చెంచమ్మ అవ్వ రోజూ సాయంత్రం గిన్నె పట్టుకుని గంజికి వస్తూనే ఉంది. కళ్లు ఆనవు, చెవులు మాత్రం పాము చెవులు. ఆ కలరా ఏడు ఆమెకు ప్రాణం మీదికొస్తే చివరి తైలం పూసే అవస్థ అభ్యంగనానికి స్వామిని పిలవడానికి పరుగెత్తి, దారిలో వాగునీళ్లు తాగి మీ బావ పోయాడు, ఆమె ఉండిపోయింది. ఆ ముసలిదాని ముఖం ఎట్లా చూడబుద్ధవుతుందని కొందరు ఇప్పటికీ నన్ను అడుగుతారు. గంజి పోయడానికి ముఖం చూడక్కర్లేదని చెబుతుంటాను.

నువ్వు ఉపదేశివి. ఆత్మకూరు గుడి విచారణలో నాలుగూళ్ల పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పేవాడివి. ఇదంతా ఎందుకో నీకు తెలిసే ఉంటుంది. పూజ చేయడం నేర్పమని పంపిస్తే బల్ల ఉందా లేదా అని నేర్పడమెందుకు? కోపంగా అడగడం లేదు. కొంచెం కోపంగానే అడుగుతున్నాను.

నీ అక్క,
రెబెకమ్మ


యేసు మరియ జోజపు

ఆత్మకూరు,
2-9-1951

అక్కయ్యకు తమ్ముడు ఇన్నయ్య స్తోత్రములు.

సర్వేశ్వరుని కృపవల్ల ఇక్కడ అంతా క్షేమం. నీ జాబు పట్టుకుని మా స్వాములవారి దగ్గరికే వెళ్లాను. నీ చెవి మెలిపెట్టే సంగతి మాత్రం చదివి వినిపించలేదు.

స్వాములవారు చెప్పింది ఇది. మన వేదగ్రంథాన్ని ఒప్పుకున్నవాడికి వేదవాక్యం చూపించి జవాబు చెప్పవచ్చు. ఒప్పుకోనివాడికి ఏం చూపిస్తాం? వాడికీ మనకూ ఉమ్మడిగా ఉన్నది బుద్ధి ఒక్కటే. కాబట్టి గురువు కాబోయేవాణ్ణి ముందు బుద్ధి ఎంతదూరం తీసుకుపోగలదో అంతదూరం నడిపిస్తారు. అక్కడినుంచి వేదశాస్త్రం చేయిపట్టుకుంటుంది. మన పెద్ద చదువుల్లో ఇది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ఫిలాసఫీ లేకుండా వేదశాస్త్రానికి పోతే నేల చూసుకోకుండా గోడ లేపినట్టేనని వారి మాట.

నాకు ఈ మాట బాగా నచ్చింది. ఎందుకంటే మొన్న బస్టాండు దగ్గర సైకిలు షాపు కుర్రవాడొకడు, ఎర్రజెండా పార్టీవాడు, నన్ను నిలబెట్టాడు. "ఉపదేశిగారా, అన్నిటినీ చేసినోడు దేవుడైతే దేవుణ్ణి చేసినోడెవురు?" అన్నాడు. సర్వేశ్వరుడు అనాది అని ఉపదేశంలో ఉన్నట్టే చెప్పాను. "అది మీ పుస్తకంలో ఉండాది. నేనడిగింది మిమ్మల్ని" అన్నాడు. టీ తాగేవాళ్లందరూ నవ్వారు. ఇంటికి వచ్చి అన్నం తినలేదు. అల్లుడైతే వాడికి అక్కడే జవాబు చెప్పేవాడు కదా అనుకున్నాను.

అక్కా, వాణ్ణి మఠానికి ఇస్తే మేనరికం పోతుందని అమ్మ ఎంత ఏడ్చిందో నీకు గుర్తుంది. నా కూతురి మాట పక్కనపెట్టి అమ్మను ఒప్పించింది నేనే. మనవాళ్లలో పూజాంగీ తొడిగే మొదటివాడు వాడే అవుతాడు. బల్లయినా నేర్పనీ, కుర్చీ అయినా నేర్పనీ, ఓపిక పట్టు.

నీ తమ్ముడు,
ఇన్నయ్య


ఉదయగిరి,
16-3-1952

తమ్ముడు ఇన్నయ్యకు దీవెనలు.

ఈస్టరు ముందరి తపస్సు కాలం కదా, నీకు ఊళ్లు తిరగడమే సరిపోతుందని తెలుసు. అయినా ఈ జాబు చదివి తీరిక చేసుకుని జవాబు రాయి. బాలశౌరి రాసిందాంట్లోంచి కొంత ఎత్తి రాస్తున్నాను, చూడు.

"అమ్మా, మొన్న మఠం పండుగనాటి సభలో సర్వేశ్వరుడు లేడని నేను వాదించాను. ఉన్నాడని నిలబెట్టవలసినవాడు నా స్నేహితుడు రాజమోహన్. నా మాటకు జవాబు చెప్పలేక అందరి ముందూ నీళ్లు నమిలాడు. నాకే జాలేసింది. ఈ పని గురువులే నాకు అప్పజెప్పారు. నాకంటే గట్టిగా అడిగేవాడు తరగతిలో లేడట."

తక్కువ ఎక్కువ లేకుండా ఇదే రాశాడు. తర్వాత కూరల సంగతి, చలి సంగతి. చదివి యేసు తిరుహృదయ పటం వెనక పెట్టాను. తర్వాత అది అక్కడ ఉండకూడదనిపించి తీసి బియ్యం డబ్బాలో పెట్టాను.

వాడు అబద్ధం చెప్పేవాడు కాదు. గురువులు చెయ్యమన్నారంటే చెయ్యమనే ఉంటారు. కాని గురువులు అట్లా ఎందుకు చెయ్యమంటారు? నా బుర్రకు అందడం లేదు. మా స్వామి ఊళ్ల మీద ఉన్నాడు, పదిహేను రోజులకు గాని రాడు. ఈలోపల నువ్వు నాలుగు మంచి మాటలు రాస్తే నిద్ర పడుతుంది.

అక్క,
రెబెకమ్మ


యేసు మరియ జోజపు

ఆత్మకూరు,
21-3-1952

అక్కయ్యకు స్తోత్రములు.

నీ జాబు చదివాను. నువ్వు మంచి మాటలు అడిగావు. నా దగ్గర లేవు.

నేను పెళ్లికి ముందునుంచీ ఉపదేశం చెబుతున్నాను. ప్రశ్న నాది, జవాబు పిల్లలది. జవాబు ఒక్కటే ఉంటుంది. పిల్లవాడు తప్పు చెబితే దిద్దుతాను, మరిచిపోతే అందిస్తాను. తప్పు జవాబు గట్టిగా చెప్పమని పిల్లవాణ్ణి నిలబెట్టే గురువు ఎక్కడైనా ఉంటాడా? అదీ ఈ ప్రశ్నకా? అదీ పండుగనాడా? నువ్వూ పిల్లలకు చెప్పేదానివే, నువ్వే ఆలోచించు.

ఎన్నికలప్పుడు ఇక్కడికి వచ్చిన కుర్రవాళ్లందరూ ఇదే మాట చెప్పుకుంటూ తిరిగారు. ఆ గాలి మఠంలోకీ పోయుంటుంది. వాడి నోటినుంచి ఆ మాట వచ్చింది. వచ్చాక భయపడి గురువులే చెప్పించారని నీకు రాశాడు. అబద్ధం చెప్పేవాడు కాదన్నావు. మంచి పిల్లలే అక్కా, భయం వేసినప్పుడు అబద్ధం చెబుతారు. నా తరగతిలో రోజూ చూస్తున్నాను.

వాణ్ణి పంపించింది నేను. రేపు వాడు పీఠం ఎక్కి, మనసులో లేనిది పైకి చెబుతూ మనవాళ్ల నాలుకల మీద సత్ప్రసాదం పెడితే ఆ పాపం ఎవరిది? మొగ్గలోనే సరిచేస్తే వాడు బాగుపడతాడు. ఈ సంగతి నేను చూసుకుంటాను. నువ్వు మనసు కష్టపెట్టుకోకు, వాడికి ఏమీ రాయకు.

తమ్ముడు,
ఇన్నయ్య


ఉదయగిరి,
31-3-1952

ఇన్నయ్యా,

ఏదీ చూసుకోవద్దు. ఎక్కడికీ పోవద్దు, ఎవరికీ చెప్పవద్దు.

నిన్న పూజ అయ్యాక స్వామిని పట్టుకుని అడిగాను. ముందు నా ముఖం చూసి ఎవరైనా చచ్చిపోయారేమోననుకున్నాడు. సంగతి వినగానే మోటారు సైకిలు మీద చెయ్యి వేసి నవ్వాడు, అంత నవ్వు ఆయన నవ్వగా నేను చూడలేదు. ఆయనా వాళ్ల దేశంలో మఠంలో ఉన్నప్పుడు సర్వేశ్వరుడు లేడని వాదించాడట. ఇది వాళ్ల చదువులో ఒక పద్ధతి. ఒకడు ఆక్షేపించాలి, ఒకడు నిలబెట్టాలి. ఎవరికి ఏది రావాలో గురువులే వంతులు వేస్తారు. ఆక్షేపించేవాడు ఉత్తుత్తిగా అడిగితే చీవాట్లు పెడతారు. నిజంగా నమ్మనివాడు అడిగినట్టే అడగాలి.

నిలబెట్టేవాడికీ ఒక నియమం ఉంది. వెంటనే జవాబు చెప్పకూడదు. అవతలివాడు అన్న మాటను ఉన్నదున్నట్టు తిరిగి చెప్పాలి. "ఇదేనా నువ్వన్నది?" అని అడగాలి. అవతలివాడు అవునన్నాకే జవాబు. అప్పుడు కూడా ఒక్కొక్క మాటే తీసుకుని ఒప్పుకుంటాను అనో, ఒప్పుకోను అనో, ఇందులో రెండర్థాలున్నాయి వేరుచేస్తాను అనో చెప్పాలి. ఇంత మర్యాదగా పోట్లాడుకునేవాళ్లను మన వీధిలో చూడలేదు.

వచ్చే ఏడు నిలబెట్టే వంతు బాలశౌరిదేనట. గట్టిగా అడిగినవాడికే ఆ వంతు ఇస్తారని స్వామి చెప్పాడు. కాబట్టి నువ్వు హాయిగా నిద్రపో. నేను నిన్న చాలారోజులకు నిద్రపోయాను.

అక్క,
రెబెకమ్మ


యేసు మరియ జోజపు

ఆత్మకూరు,
5-4-1952

అక్కయ్యకు స్తోత్రములు.

నీ జాబు అందింది. కాని అక్కా, నేను అంతకుముందే పెద్ద స్వామివారికి, బిషప్పుగారికే రాసేశాను. నీకు రాసిన రోజే రాశాను. వాడి మేనమామగా, ఉపదేశిగా, వాడి విశ్వాసం మీద నాకు అనుమానం కలిగిందనీ, చదువు ఆపి వాణ్ణి పరీక్షించమనీ వేడుకున్నాను. బాగా ఆలోచించి, మంచి కాగితం మీద రాశాను.

కంగారుపడకు. నీ జాబు అందిన గంటలోపలే ఇంకొకటి రాసి బస్సు డ్రైవరు చేతికి ఇచ్చాను. నేను పొరబడ్డానని, పద్ధతి తెలియక రాశానని, వాడి విశ్వాసం గట్టిదని రాశాను. వాళ్లు చదువుకున్నవాళ్లు, మనకంటే వాళ్లకే ఈ పద్ధతి బాగా తెలుసు. నవ్వుకుని పక్కన పడేస్తారు. మీ స్వామి నవ్వినట్టే.

అల్లుడికి ఈ సంగతి చెప్పకు. పండుగకు అందరం కలుసుకున్నప్పుడు నేనే చెప్పి నవ్విస్తాను.

తమ్ముడు,
ఇన్నయ్య


ఉదయగిరి,
8-6-1952

ఇన్నయ్యకు,

బాలశౌరి ఇంటికి వచ్చేశాడు. సెలవులకు కాదు.

గురువారం బస్సు దిగి ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చాడు. మఠం అంగీ లేదు, చొక్కా పంచె. మదార్ సాహెబ్ ఎదురుపోయి పెట్టె అందుకున్నాడు. ఒక ఏడాది ఇంట్లో ఉండి తన దైవ పిలుపును పరీక్షించుకోవాలట, ఆ తర్వాత చూద్దామన్నారట. మఠం పెద్ద గురువు వాడికోసం రెండుసార్లు మాట్లాడాడట. కాని పెద్ద స్వామివారి ఇంటినుంచి వచ్చిన మాట ఏమంటే, సొంత మేనమామ, అందులోనూ ఉపదేశి, విశ్వాసం లేదని రాస్తే మేము ఉందని ఎట్లా పూచీపడతాం అని. నువ్వు రాసిన మంచి కాగితం వాడికి చూపించారు. నీ చేతిరాత గుర్తుపట్టాడు. ఆ అక్షరాలు దిద్దించింది నువ్వే కదా.

వాడు నిన్ను ఒక్క మాట అనలేదు. అందుకని నేను అంటున్నాను. నాకు ఒకటే తోస్తున్నది. అమ్మ అప్పుడు ఏడ్చింది మేనరికం పోతుందని. వసంతకుమారికి ఇప్పుడు పెళ్లీడు వచ్చింది. మఠంలో ఉన్నవాణ్ణి మఠంనుంచి లాగితేనే కదా అల్లుడయ్యేది. నీ కూతురికి మొగుడు కావాలంటే నన్ను అడగవలసింది. సర్వేశ్వరుణ్ణి మధ్యలోకి తేవలసిన పనేముంది?

రెబెకమ్మ


యేసు మరియ జోజపు

ఆత్మకూరు,
22-6-1952

అక్కయ్యకు స్తోత్రములు.

నీ జాబు నేను దాచేలోపలే వసంతకుమారి చదివింది. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత వచ్చి, "నాయనా, అత్తను ఏమీ అనబాకండి. ఆమె కడుపు మండి రాసుండాది" అన్నది. వచ్చే నెల అది సిస్టర్ల దగ్గరికి టీచరు ట్రైనింగుకు పోతోంది. క్రిస్మసుకే ఈ మాట అనుకున్నాం. సీటు వచ్చిందని తెలిశాక నీకు చెప్పి ఆశ్చర్యపెట్టాలని అది పట్టుబట్టింది, అందుకని రాయలేదు. ఇప్పుడు రాస్తే సాకులాగా ఉంటుంది. అయినా రాశాను.

పెద్ద స్వామివారి దగ్గరికి పోయాను. పొద్దున పోయినవాణ్ణి వరండాలో కూర్చున్నాను. మధ్యాహ్నం వారి కార్యదర్శి స్వామి పిలిచారు. కసురుకోలేదు, మంచినీళ్లు కూడా ఇప్పించారు. నా రెండు ఉత్తరాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టారు.

"ఇన్నయ్యా, ఇందులో విశ్వాసం లేదన్నావు. ఇందులో ఉందన్నావు. రెండూ నీ చేతిరాతే. ఏది నమ్మాలి?" అని అడిగారు.

రెండోది నమ్మండి స్వామీ అన్నాను.

"ఎందుకు?" అన్నారు.

అక్కా, మొదటిదీ మనసారానే రాశాను. రెండోదీ మనసారానే రాశాను. మేనల్లుణ్ణి కాపాడుకోవడానికి రెండోది రాశావని ఎవరైనా అనుకోరా అని ఆయనే అన్నారు. ఏ మేనమామ అయినా అట్లాగే రాస్తాడు, అందువల్ల మొదటిదానికే బరువెక్కువ అన్నారు. నాకు అది న్యాయంగానే తోచింది. న్యాయంగా తోచడమే నా ఖర్మ. మీ మఠంవాళ్ల వాదంలో ఒకడు ఆక్షేపిస్తే ఇంకొకడు నిలబెట్టాలన్నావు. నేను ఆ రెండు పనులూ ఒక్కణ్ణే చేసి రెండింటా ఓడిపోయాను.

ఏడాది ఆగమన్నారు. ఏడాది తర్వాత తీసుకుంటారా అంటే చూద్దాం అన్నారు. ఆ మాటకు అర్థం నీకూ నాకూ తెలుసు.

ఇన్నయ్య


ఉదయగిరి,
14-9-1952

తమ్ముడు ఇన్నయ్యకు,

వసంతకుమారి విషయంలో అన్న మాట వెనక్కు తీసుకుంటున్నాను. దానికి వేరే జాబు రాశాను. నీమీద అన్న మిగతా మాటలు ఇంకా అట్లాగే ఉన్నాయి, వాటి సంగతి తర్వాత చూస్తాను.

బాలశౌరి తింటున్నాడు, స్నానం చేస్తున్నాడు, ఆదివారం గుడికి వచ్చి వెనక వరుసలో కూర్చుంటున్నాడు. నాకు జ్వరం వచ్చినప్పుడు నా తరగతి చెప్పాడు. బల్ల చూపించి బల్ల అనే చెప్పించాడు, మారు మాట అడగలేదు. అది చూస్తే నాకు సంతోషం కలగాలి కదా. కలగలేదు. పగలంతా మదార్ సాహెబ్ దగ్గర కూర్చుని గరిటెలకు గరుకుకాగితం పడతాడు. ఆయనా వీడూ పొద్దు గూకేదాకా మాట్లాడుకోరు. ఊళ్లోవాళ్లు నీ చదువేమైందని అడిగితే అయిపోయిందంటాడు.

మొన్న ధైర్యం చేసి అడిగాను, నీకు నమ్మకం ఉందా లేదా, ఆ ఒక్కటీ చెప్పు అని. చేతిలో గరుకుకాగితం పక్కన పెట్టాడు. తర్వాత ఇట్లా అన్నాడు, వాడి మాటల్లోనే రాస్తున్నాను.

"నాకు ప్రశ్న దాకానే నేర్పినారమ్మా. ఆపొద్దు జవాబు రాజమోహన్ వంతు. వాడు చెప్పలేకపోయినాడు. నా వంతు వచ్చేలోపలే పంపించేసినారు. నా వంతు వచ్చుంటే ఏం చెప్పేవాణ్ణో నాకే తెలీదు."

ఇంతకీ నువ్వు ఏమడిగావురా అన్నాను. లాటిన్‌లో వాళ్ల నాయన సంగతే అడిగాడట. పేరు చెప్పకుండా, ఒక ఊళ్లో ఒక మంచివాడు అని.

ఇన్నయ్యా, నువ్వు భయపడింది పూర్తిగా తప్పు కాదేమో. వాడి ప్రశ్న ఉత్తది కాదు. కాని వాడు దాన్ని అక్కడ దింపుకుందామని పోయాడు. అక్కడ దింపుకునే పద్ధతి ఉంది, ఒకడు అడగడానికి, ఒకడు చెప్పడానికి. ఇక్కడ నా ఇంట్లో ఏముంది? నేనేం చెయ్యాలో తెలియడం లేదు.

అక్క,
రెబెకమ్మ


యేసు మరియ జోజపు

ఆత్మకూరు,
12-10-1952

అక్కయ్యకు స్తోత్రములు.

వస్తానని రెండుసార్లు బస్సు దాకా పోయి తిరిగి వచ్చాను. వాడి ముఖం చూసి ఏమనాలో తోచలేదు.

నా ఉపదేశం సంగతి కూడా చెబుతాను, ఎవరికీ చెప్పలేదు. మొన్న పిల్లలను సర్వేశ్వరుడు ఎక్కడ ఉన్నాడని అడిగాను. అందరూ ఒక్క గొంతుతో అంతటా ఉన్నాడన్నారు. ఎప్పుడూ ఆ గొంతు వింటే కడుపు నిండేది. ఈసారి ఇంతమందిలో ఒక్కడికైనా నిజంగా అడగాలని లేదా అనిపించింది. ఆ ఒక్కడు మన ఇంట్లోనే పుట్టాడు, వాడి నోరు నేనే మూశాను.

వాడి వంతు రాలేదని రాశావు. ఆ వంతు నేనే ఇద్దామని చూశాను. ఒక్కణ్ణే గుడి వెనక నిలబడి, అల్లుడి ముందు ఆక్షేపించేవాడిలాగా, సర్వేశ్వరుడు లేడు అని పైకి అనబోయాను. ఉత్తుత్తికి కూడా నా నోరు తిరగలేదు. ఇన్నేళ్లు ఒక్క జవాబే చెప్పిన నోరు కదా. వాడికి నా వల్ల జరిగింది చెరుపే. మేలు చెయ్యడం నా చేత కావడం లేదు అక్కా.

తమ్ముడు,
ఇన్నయ్య


ఉదయగిరి,
9-11-1952

తమ్ముడు ఇన్నయ్యకు అక్క రెబెకమ్మ దీవెనలు.

ఆత్మల పండుగకు మీ బావ సమాధి కడిగి సున్నం వేశాము. కొవ్వొత్తులు గాలికి నిలవలేదు. బాలశౌరి చేతులు అడ్డం పెట్టి చాలాసేపు కూర్చున్నాడు.

నీ జాబు చదివాక నాకొకటి తోచింది. నీ నోరు తిరగకపోతే నా నోరు తిరగదా అని. నేను ఉపదేశిని కాదు, ఎవరికీ జవాబుదారీని కాదు. వాళ్ల మఠంలో వాదం శనివారాలు జరిగేదట. నిన్న శనివారం బడి అయ్యాక నడవలో పీట వేసుకుని కూర్చుని వాణ్ణి పిలిచాను. నువ్వు నిలబెట్టు, నేను ఆక్షేపిస్తానన్నాను. ఇంటికి వచ్చాక మొదటిసారి నవ్వాడు. "నీకు లాటిన్ రాదు కదమ్మా" అన్నాడు. నీకు తెలుగు వస్తుంది కదా అన్నాను. కాస్త వెనకాముందాడి, నాకు ఎదురుగా వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అక్కడ అట్లాగే నిలబడతారేమో.

నేను అడుగుదామనుకున్నది నీ బస్టాండు కుర్రవాడి ప్రశ్న. దేవుణ్ణి చేసినవాడెవరని. అది కష్టంగానూ ఉంటుంది, ఎవరికీ నొప్పీ పుట్టదు. వంట చేస్తూ రెండు రోజులు మనసులో అనుకుంటూనే ఉన్నాను. నోరు తెరిచేసరికి వేరేది వచ్చింది.

"మీ నాయన చెంచమ్మవ్వ కోసం స్వామిని పిలవను పోయినాడు. పోయినోడు పోయినాడు. పడుకోనుండినామె లేసి కూర్చున్నాది. తన పని మీద పోయినోణ్ణి కాపాడుకోలేనోడు ఉంటే ఎంత, లేకుంటే ఎంత? కాబట్టి లేడు."

అన్నాక నా చెవులతో నేను విని భయపడ్డాను. ఆటకని మొదలుపెట్టింది ఆట కాదని అడిగాకే తెలిసింది. మీ బావ పోయినప్పటినుంచీ ఇది నాలో ఉందని నాకు తెలియదు ఇన్నయ్యా. రోజూ పూజకు పోతూ, జపమాల చెప్పుకుంటూ, ఆ ముసలామెకు గంజి పోస్తూ ఉన్నదాన్ని, దీన్ని ఎక్కడ పెట్టుకుని తిరిగాను?

చాల్లే లోపలికి పో అనబోయాను. వాడు పోలేదు. నియమం ప్రకారం నా మాట నాకు తిరిగి చెప్పాడు. "మీ నాయన చెంచమ్మవ్వ కోసం స్వామిని పిలవను పోయినాడు" అని మొదలుపెట్టి, ఒక్క అక్షరం తప్పకుండా, నిదానంగా చివరిదాకా. నా మాట కాబట్టి మీ నాయన అనే అన్నాడు. మా నాయన అనలేదు. చెప్పి, "ఇదేనా అమ్మా నువ్వన్నది?" అని అడిగాడు.

ఇన్నేళ్లలో నాకు అందరూ జవాబే చెప్పారు. స్వామి చెప్పాడు. బంధువులు చెప్పారు. సర్వేశ్వరుని చిత్తం అక్కా అని నువ్వు చెప్పావు, అప్పటికి మీ బావ శరీరాన్ని ఇంకా గుడికి తీసుకుపోలేదు. నేను ఏమడుగుతున్నానో ఎవరూ వినలేదు, నేనూ వినలేదు. నిన్న నా కొడుకు విని నాకు తిరిగి ఇచ్చాడు. అవును, అదేనన్నాను. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

తర్వాత వాడు ఒక్కొక్క మాటా తీసుకున్నాడు. నాయన పోయినాడు, ఒప్పుకుంటాను అన్నాడు. అవ్వ బతికింది, ఒప్పుకుంటాను అన్నాడు. కాబట్టి, అని ఆగాడు. ఒప్పుకుంటాడో, ఒప్పుకోనంటాడో, వేరుచేస్తాడో అని నేను వాడి నోటివైపే చూస్తున్నాను. పెదవులు కదులుతున్నాయి. మాట రాలేదు.

అప్పుడు గడప దగ్గర చప్పుడైంది. చూస్తే చెంచమ్మ అవ్వ. ఎప్పుడు వచ్చిందో గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ చెవులతో ఆమె అంతా వినే ఉంటుంది. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

"నేనూ ఆయన్ని దినామూ అదే అడగతా ఉండానమ్మా, ఆ పిల్లోణ్ణి తీసుకపోయి నన్నెందుకు పెట్టినావయ్యా అని" అన్నది. గిన్నె తడుముకుంటూ, "నాకూ చెప్పలా" అన్నది.

బాలశౌరి పోయి ఆమె పక్కన గడప మీద కూర్చున్నాడు. నేను లేచి గంజి కాచాను. ముగ్గురం అక్కడే తాగాము. ఆమె ముఖం నేను నిన్న చూశాను. ఇన్నేళ్లుగా గిన్నె వైపు చూసి పోస్తున్నానని అప్పుడు తెలిసింది. బాగా ముసలిదైపోయింది పాపం.

వాడు జవాబు చెప్పలేదు. చెబుతాడని కూడా నాకు నమ్మకం లేదు. ఏడాది అయ్యాక మఠం తలుపు తీస్తారో లేదో, తీస్తే వాడు పోతాడో లేదో తెలియదు. నేను చేయగలిగింది ఏమీ లేదు, నువ్వు చేయగలిగిందీ ఏమీ లేదు.

నీమీద మిగిలిన మాటల సంగతి తర్వాత చూస్తానన్నాను. వాటినీ వదిలేస్తున్నాను. బస్సు దాకా వచ్చి తిరిగిపోవద్దు, ఎక్కి రా. వాడి ముఖం చూసి ఏమనాలో తోచలేదన్నావు, ఏమీ అనవద్దు. ఉపదేశం పుస్తకం ఆత్మకూరులోనే వదిలిపెట్టి రా. జవాబు ఏదీ తేవద్దు. వచ్చి గడప మీద మా పక్కన కూర్చో, చాలు.

నీ అక్క,
రెబెకమ్మ